పెరటి ఉత్తరాలు: నిరుటి ఆకు, ఈ ఏటి పువ్వు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మొర: "ఆకులు బ్రహ్మాండంగా వచ్చాయి, పువ్వు మాత్రం రాలేదు." ముప్ఫై ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. నలభై జవాబు పత్రాల్లో ఒకే తప్పు కనిపించిందంటే ఆ తప్పు పిల్లలది కాదు, పాఠం చెప్పినవాళ్ళది. గడ్డలు ఎలా నాటాలో ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు కానీ, పూత అయిపోయాక వాటిని ఏం చేయాలో సరిగ్గా చెప్పినట్టు లేను. అందుకే ఈ సంచిక మొత్తాన్ని వసంతంలో పూసే గడ్డలకే ఇచ్చేశాను. గులాబీలకు తెగులు పట్టిందని రాసినవాళ్ళు ఒక నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: నిరుడు ఇరవై తులిప్ గడ్డలు నాటాను. ఇరవయ్యీ పూశాయి. పువ్వులు వాడిపోయాక ఆకులు చిందరవందరగా ఉన్నాయని జడల్లా అల్లి, రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచాను. ఈ ఏడు రెండంటే రెండే పూశాయి. మిగతా వాటి నుంచి వెడల్పాటి ఆకు ఒక్కొక్కటి వచ్చి ఊరుకుంది. గడ్డలు అమ్మినవాళ్ళు మోసం చేశారంటారా?

జవాబు: వాళ్ళను ఏమీ అనకండి. అసలు వాళ్ళు అమ్మిన ఇరవై గడ్డల్లో ఒక్కటి కూడా ఇప్పుడు మీ మట్టిలో లేదు. తులిప్ గడ్డ ఒక్కసారే పూస్తుంది. దాచుకున్నదంతా కాడకూ ఆకుకూ పువ్వుకూ ఖర్చు పెట్టి, వేసవి వచ్చేసరికి వట్టి పొట్టుగా మిగులుతుంది. పోతూ పోతూ తన పొరల సందుల్లో రెండో మూడో నాలుగో పిల్ల గడ్డలను వదిలిపోతుంది. వాటిలో ఒకటి కాస్త పెద్దది, మిగతావి గోలీలంత. మీరు ఈ ఏడు చూసినవి ఆ పిల్లలు. చుట్టుకొలత పది పన్నెండు సెంటీమీటర్లకు చేరితేగాని తులిప్ గడ్డ పువ్వు జోలికి పోదు. అంతదాకా ఏడాదికి ఒక వెడల్పాటి ఆకు వేసి, తిని, పెరుగుతుంది. ఒంటి ఆకు కనిపించిందంటే "నేనింకా చిన్నదాన్ని" అని అది చెప్పుకుంటున్నట్టు.

మరి ఆ పిల్లలు ఎందుకు ఎదగలేదు? పువ్వు వాడిన రోజు నుంచి ఆకు పండిపోయే రోజు దాకా ఉన్న ఆరేడు వారాలే వాటికి తిండి దొరికే కాలం. ఆ తిండి వండేది ఆకు. మీరు దానికి జడ వేశారు! మడతల లోపలి ఆకుకు వెలుతురు అందదు, మెలిపెట్టిన చోట ఈనెలు నలిగిపోతాయి. మిమ్మల్ని ఎగతాళి చేస్తున్నానని అనుకోవద్దు. నేను మొదటి ఏడాది రబ్బరు బ్యాండ్లు కూడా కాదు, ఉన్ని దారంతో ముడులు వేసి, వచ్చినవాళ్ళందరికీ పిలిచి చూపించాను.

నా మాట నమ్మకపోతే నాటే కాలంలో ఒక గడ్డను బలి ఇవ్వండి. మొన నుంచి అడుగు దాకా నిలువునా రెండు చెక్కలుగా కోయండి. ఉల్లిని కోసినట్టే తెల్లటి మందమైన పొరలు కనిపిస్తాయి. అడుగున గట్టిగా బిళ్ళలా ఉన్నది కాండం, దాని కిందినుంచే వేళ్ళు వస్తాయి. ఆ బిళ్ళ నడిమధ్య నుంచి పైకి లేచిన లేత మొలకను సూదితో మెల్లగా విప్పి, భూతద్దం పెట్టి చూడండి. ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకులు, వాటి లోపల పువ్వు. ఆరు కేసరాలు లెక్కపెట్టవచ్చు, మధ్యలో మూడు మూలల అండాశయం కనిపిస్తుంది. మట్టిలో పెట్టకముందే పువ్వు తయారై కూర్చుంది. తరగతిలో ఏటా ఒక గడ్డ కోసేదాన్ని. ఎంత అల్లరి పిల్లవాడైనా ఆ ఆరు కేసరాల దగ్గర ఒక నిమిషం నోరు మూసుకునేవాడు.

ఇకముందు ఇలా చేయండి. పువ్వు రేకలు రాలగానే కాయ కట్టబోయే తల ఒక్కటే తుంచేయండి. కాడను ఉంచండి, అది కూడా పచ్చగానే ఉంది, అదీ పని చేస్తుంది. నేల ఎండితే నీళ్ళు పోయండి. పొటాషియం ఎక్కువగా ఉన్న ఎరువు పలచగా కలిపి రెండు మూడుసార్లు ఇవ్వండి. ఆకు పసుపు పచ్చబడి, పట్టుకుని లాగితే ఊడి వచ్చేదాకా దాని జోలికి పోవద్దు. చూడలేకపోతే ముందు వరసలో వేరే మొక్కలు పెంచి దాని చాటున దాచండి. తర్వాత గడ్డలను తవ్వి తీసి, మట్టి దులిపి, గాలి ఆడే వల సంచిలో నీడన, సుమారు 20 డిగ్రీల దగ్గర, పొడిగా ఉంచండి. తులిప్‌ల పుట్టిల్లు మధ్య ఆసియాలోని తియాన్‌షాన్, పామీరు కొండలు. అక్కడ శీతకాలం గడ్డ కట్టే చలి, వసంతం కొద్దిపాటి తడి, వేసవి పొడి. నిద్రపోతున్న గడ్డకు మనం రోజూ నీళ్ళు పోస్తే అది మనకు దండం పెట్టదు, కుళ్ళిపోతుంది.

తీసిన వాటిని సైజు వారీగా ఏరండి. పెద్దవి ముందు వరసకు. గోలీలంతటివి ఎవరికీ కనిపించని మూలన ఒక మడిలో వేసి, రెండు మూడేళ్ళు వాటి ఆకులను మాత్రమే చూసుకోండి. తులిప్‌ను పెంపు చేయడమంటే ఇంతే, ఇందులో కత్తి పని లేదు. ఒక నిజం కూడా చెప్పాలి. పెద్ద పువ్వుల సంకర రకాలు ఎంత చేసినా చాలా ఇళ్ళలో ఏటేటా తగ్గుముఖం పడతాయి. వాటిలో డార్విన్ హైబ్రిడ్లు కొంత నిలుస్తాయి. ఏటా తప్పకుండా పూయాలంటే తులిపా క్లూసియానా, తులిపా టార్డా లాంటి అడవి రకాలు వేసుకోండి. చిన్న పువ్వులే, కానీ మాట తప్పవు.

ప్రశ్న: గడ్డ ఏ వైపు పైకి ఉండాలి? ఎంత లోతున పెట్టాలి?

జవాబు: మొన పైకి. మొన ఏదో తెలియకపోతే పక్కకు పడుకోబెట్టండి, మొలక దారి అది వెతుక్కుంటుంది. లోతు సంగతి: గడ్డ ఎంత ఎత్తుందో దానికి రెండు మూడింతల మట్టి దాని నెత్తిన ఉండాలి. గడ్డకూ గడ్డకూ మధ్య రెండు గడ్డలు పట్టేంత దూరం. నీళ్ళు నిలిచే బంకమట్టి అయితే ఈ లెక్కలన్నీ వృథా. ముందు ముతక ఇసుక, ఆకుల ఎరువు కలిపి మట్టిని గుల్ల చేసుకోండి, లేదా మడిని ఎత్తు చేయండి.

ప్రశ్న: మేముండే చోట చలి అంతంతమాత్రం. తులిప్‌లు, హయసింత్‌లు ఫ్రిజ్‌లో పెట్టి నాటితే పూస్తాయని విన్నాను. నిరుడు ప్రయత్నిస్తే కొన్నింటి మొగ్గ గడ్డ మెడలోనే ఎండిపోయింది. మిగిలినవి నేలకు అంటుకున్నట్టు జానెడు కూడా ఎదగకుండా పూశాయి.

జవాబు: మీ ఉత్తరంలో రెండు జబ్బులున్నాయి, రెండింటి కారణాలూ వేరు. లోపలే ఎండిన మొగ్గకు కారణం మీ ఫ్రిజ్‌లోని పండ్లు. పండే పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. ఆ గాలి సోకితే గడ్డలో ఉన్న చిట్టి పువ్వు చచ్చిపోతుంది, బయటికి గడ్డ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పండ్లూ గడ్డలూ ఒకే ఫ్రిజ్‌లో కాపురం చేయలేవు, ఎవరో ఒకరిని ఖాళీ చేయించండి.

పొట్టిగా పూయడం చలి చాలకపోవడం వల్ల. పువ్వు లోపల తయారుగా ఉన్నా, కాడ సాగడానికి చలి కావాలి. తులిప్‌కు 9 డిగ్రీల లోపు 12 నుంచి 16 వారాలు, హయసింత్‌కు 10 నుంచి 14 వారాలు. మీరు ఎన్ని వారాలు ఉంచారో రాయలేదు కానీ, నెలా నెలన్నర దగ్గర ఓపిక అయిపోయి ఉంటుందని నా ఊహ. కాగితపు సంచిలో లేదా వల సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమట పట్టి బూజు వస్తుంది. పెట్టిన తారీఖు సంచి మీద రాయండి. గడ్డకట్టించే అరలో మాత్రం వద్దు. బయటికి తీసిన రోజే నాటేయాలి. "ఆదివారం తీరిగ్గా నాటుదాం" అని వేడి గదిలో నాలుగైదు రోజులు వదిలేస్తే పడిన కష్టంలో కొంత వెనక్కి పోతుంది.

ఇంత చేసినా వెచ్చని చోట తులిప్‌ది ఒక్క ఏటి ముచ్చటే. పూసే పిల్ల గడ్డలు పెరిగేంత చల్లని వసంతం మీకు ఉండదు. అది కష్టమనిపిస్తే చలి అడగని వాటిని పెంచుకోండి. నార్సిసస్‌లలో, అంటే డాఫోడిల్ జాతిలో, పేపర్‌వైట్ అనే తెల్లటి గుత్తి పువ్వుల రకానికి ఫ్రిజ్ అక్కర్లేదు. హిప్పియాస్ట్రమ్ అయితే వెచ్చని చోట వసంతంలో తనంతట తనే కాడ లేపుతుంది, ఆ గడ్డ తులిప్‌లా కరిగిపోదు, ఏళ్ళ తరబడి లావెక్కుతూ పిలకలు పెడుతుంది.

ప్రశ్న: డాఫోడిల్స్ నాటి ఏడేళ్ళయింది. మొదట్లో విరగబూసేవి. ఇప్పుడు పొద పొదంతా ఆకులే. తవ్వి వేడినీళ్ళలో ముంచితే పురుగు చచ్చి మళ్ళీ పూస్తాయని ఒకరు చెప్పారు. ముంచనా?

జవాబు: ముంచకండి. ముందు తవ్వి చూడండి. డాఫోడిల్ గడ్డ తులిప్ లాంటిది కాదు, ఏటా బతికే ఉండి పక్కన పిలకలు వేస్తుంది. ఏడేళ్ళలో ఒక్కటి పదో పదిహేనో అయి ఉంటుంది. ఒకే పళ్ళెంలో పదిహేను మంది చేతులు పెడితే ఎవరి కడుపూ నిండదు, మీ పొద సంగతి అంతే. పైగా ఈ ఏడేళ్ళలో పక్కనున్న చెట్టు పెరిగి నీడ పడుతూ ఉండవచ్చు, అదీ గమనించండి.

ఆకులు పసుపు తిరిగిన వారంలో, ఇంకా జాడ తెలుస్తుండగానే, చుట్టూ దూరంగా పార దింపి గుత్తిని మొత్తం లేపండి. చేత్తో అటూ ఇటూ కదిలిస్తే విడిపోవడానికి సిద్ధంగా ఉన్నవి వాటంతటవే ఊడివస్తాయి. ఒకే పొట్టు కింద అంటుకుని ఉన్న జంటలను చీల్చవద్దు, వచ్చే ఏడాది అవే విడిపోతాయి. ఒక్కో గడ్డను బొటనవేలితో మెడ దగ్గరా అడుగు దగ్గరా నొక్కండి. గట్టిగా ఉంటే మంచిది. అడుగు మెత్తబడి గోధుమరంగుకు తిరిగి ఉంటే బూజు తెగులు, దాన్ని ఎరువు గుంటలో కూడా వేయకుండా చెత్తలో పారేయండి. మెడ మెత్తగా, గడ్డ తేలిగ్గా అనిపిస్తే కోసి చూడండి. లోపల ఒక్కటే లావుపాటి మట్టిరంగు పురుగు, చుట్టూ బురద లాంటి దాని విసర్జన కనిపిస్తే అది నార్సిసస్ ఈగ పిల్ల. ఆ ఈగ బుల్లి తుమ్మెదలా ఉంటుంది. ఆకు ఎండిపోయి నేలలో మిగిలిన సందు దగ్గర గుడ్డు పెడుతుంది. ఆకులు పోగానే ఆ బొరియలను కాలితో తొక్కి మూసేయడం కంటే మంచి మందు నాకు కనిపించలేదు.

వేడినీళ్ళ మాట ఉత్త పుకారేమీ కాదు. నులిపురుగు వల్ల డాఫోడిల్ తోటలు నాశనమవుతున్న రోజుల్లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలాన, ఇంగ్లండులో రామ్స్‌బాటమ్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి అది. ఇప్పటికీ పెద్ద సాగుదార్లు 44 డిగ్రీలకు కాస్త పైన మూడు గంటలు ముంచుతారు. ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే పురుగు బతుకుతుంది, నాలుగు పెరిగితే గడ్డ ఉడుకుతుంది. బకెట్టుతో, చేతి అంచనాతో చేసే పని కాదు.

విడదీసిన వాటిని ఎండ తగిలే కొత్త చోట, నెత్తిన పది పదిహేను సెంటీమీటర్ల మట్టి ఉండేలా, ఒక్కొక్కటిగా నాటండి. మరుసటి ఏడు కొన్ని మొండికేస్తాయి. ఆ పై ఏడు చూడండి.

ప్రశ్న: డాఫోడిల్స్, తులిప్‌లు కలిపి కూజాలో పెడితే తులిప్‌లు ఒక్క రోజులో తల వేలేస్తున్నాయి.

జవాబు: డాఫోడిల్ కాడ కోస్తే కారే జిగురు తక్కిన పువ్వులకు పడదు. డాఫోడిల్స్‌ను ఒక రాత్రి వేరే నీళ్ళలో నిలబెట్టండి. మర్నాడు మళ్ళీ కాడ కోయకుండా కూజాలోకి మార్చండి. తులిప్‌లు కోసిన తర్వాత కూడా కూజాలో పొడుగు సాగుతాయి, అది చూసి కంగారు పడకండి.

ప్రశ్న: నా దగ్గర ముదురు నీలం హయసింత్ గడ్డ ఒక్కటే ఉంది. మా అత్తగారి జ్ఞాపకం. ఆరేళ్ళయినా ఒక్క పిలక కూడా పెట్టలేదు. అది పోతే ఆ రంగు పోయినట్టే. దాన్ని పెంచే మార్గం ఉందా?

జవాబు: ఉంది, కానీ ముందు మీ గుండె గట్టిపరచుకోవాలి, ఎందుకంటే దాన్ని కోయాలి. ఒక్కటే ఉన్నదాని మీద మొదటి ప్రయోగం చేయకండి. మామూలు హయసింత్‌లు రెండు మూడు కొని వాటి మీద చేయి తిప్పుకోండి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను.

హయసింత్ తనంతట తను పిలకలు వేయడంలో మహా పిసినారి. కానీ అడుగు బిళ్ళ దెబ్బతిని నడిమి మొగ్గ పోతే, ప్రతి పొర అడుగునా చిన్న గడ్డలు పుట్టిస్తుంది. ఆ గుణాన్నే తోటమాలులు వాడుకుంటారు. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి తవ్వడం: అంచు పదునుగా ఉన్న చెంచాతో అడుగు బిళ్ళను గిన్నెలా లోపలికి తొలిచేయడం. రెండోది గీయడం: కత్తితో బిళ్ళ మీద అడ్డంగా మూడు గాట్లు, ఆరు ముక్కల చక్రంలా, నడిమి మొగ్గ తెగేంత లోతుగా. తవ్వితే ఇరవై నుంచి అరవై దాకా పిల్లలు రావచ్చు, కానీ అవి మరీ చిన్నవి, పూయడానికి నాలుగైదేళ్ళు. గీస్తే పిల్లలు తక్కువ, కానీ లావుగా ఉంటాయి, ఏడాది ముందే పూస్తాయి. మీకు కావలసింది వ్యాపారం కాదు, వంశం నిలవడం. గీయండి.

వేసవిలో, ఆకులు పూర్తిగా ఎండి గడ్డ నిద్రలో ఉన్నప్పుడు చేయాలి. ముందుగా చేతికి తొడుగులు వేసుకోండి. హయసింత్ పొట్టు ధూళిలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చేతులు మండిపోతాయి. కత్తిని స్పిరిట్‌తో తుడవండి, గడ్డకు గడ్డకు మధ్య కూడా తుడవండి. గాట్లు పెట్టాక గడ్డను తలకిందులుగా, గాయం పైకి ఉండేలా, పొడి ఇసుక పరచిన పళ్ళెంలో గాలి ఆడే వెచ్చని నీడలో పెట్టండి. రెండు మూడు రోజుల్లో గాట్లు వాటంతటవే కాస్త నోరు తెరుస్తాయి. అప్పుడు బూజు మందు పొడి అద్దండి. తర్వాత కొన్ని వారాలు 20 నుంచి 25 డిగ్రీల దగ్గరా, ఆ పైన 30 దాకా వెచ్చగానూ, గాలిలో తేమ ఉండే చోట చీకట్లో ఉంచాలి. గడ్డ మీద మాత్రం నీటి చుక్క పడకూడదు.

నా మొదటి గడ్డను తేమ కోసమని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాను. కత్తిని చీర కొంగుకు తుడిచి అదే శుభ్రం అనుకున్నాను. పదో రోజున మూత తీస్తే వచ్చిన వాసన ఇప్పటికీ గుర్తుంది. లోపల పసుపు గంజి. రెండోసారి మూత లేని పళ్ళెం, పక్కన ఒక గిన్నెలో నీళ్ళు, పైన బోర్లించిన అట్టపెట్టె. నెల తిరిగేసరికి గాటు అంచుల వెంబడి తెల్లటి పొక్కులు లేచాయి. మళ్ళీ కుళ్ళు మొదలైందనుకుని విసిరేయబోయాను. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, ఒక్కో పొక్కుకూ మొన ఉంది. ముత్యాలంత గడ్డలు. లెక్కపెడితే పంతొమ్మిది.

రెండున్నర మూడు నెలలకు, చలి మొదలయ్యే ముందు, తల్లి గడ్డను అలాగే తలకిందులుగా, పిల్లలు పైకి ఉండేలా, వాటి మీద రెండు మూడు సెంటీమీటర్ల మట్టి పడేలా నాటండి. వసంతంలో గడ్డి పరకల్లాంటి ఆకులు గుంపుగా వస్తాయి. కలుపు అనుకుని పీకేయకుండా పక్కన ఒక పుల్ల గుచ్చుకోండి. ఆకు ఎండాక తవ్వితే తల్లి పొట్టయి ఉంటుంది, పిల్లలు విడిగా ఉంటాయి. అక్కడి నుంచి మూడు నాలుగేళ్ళు వాటి ఆకులే మీ పంట. నా పంతొమ్మిదిలో పదకొండు పూశాయి. రంగు తేడా ఒక్కదానిలోనూ లేదు, విత్తనంతో కాక గడ్డతో పెంచడంలో సుఖం అదే. అత్తగారి నీలం అత్తగారి నీలంగానే ఉంటుంది.

ప్రశ్న: నా ఎర్ర తులిప్‌లలో ఒకదాని రేకల మీద ఈ ఏడు తెల్లటి జ్వాలల్లాంటి చారలు వచ్చాయి. ఎంత అందంగా ఉందో! దీని పిలకలు తీసి పెంచాలనుకుంటున్నాను.

జవాబు: పీకేయండి. ఫోటో తీసుకుని, ఇవాళే పీకేయండి.

అది జబ్బు. పేనుబంక ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసే వైరస్. అది సోకిన చోట పైరంగు చెదిరి, అడుగున ఉన్న తెలుపు బయటపడుతుంది. 17వ శతాబ్దంలో హాలండు వాళ్ళు ఈ చారల కోసమే గడ్డలకు ఇళ్ళ విలువ కట్టారు. సెంపర్ ఆగస్టస్ అనే ఎర్ర చారల తెల్ల తులిప్ అన్నిటికంటే ప్రియమైనది. 1637 ఫిబ్రవరిలో ఆ బేరాలు కుప్పకూలాయి. తాము వేలం పాడుతున్నది రోగాన్ని అని వాళ్ళకు తెలియదు. ఏ ఏడు ఏ గడ్డకు చారలు వస్తాయో అంతుబట్టక మట్టికి రంగులు కూడా కలిపి చూశారట. 1928లో డొరొతీ కేలీ అనే ఆవిడ ఇంగ్లండులో చారల గడ్డ ముక్కలను మామూలు గడ్డలకు అంటుకట్టి, చారలు అంటుకుంటాయని నిరూపించాకగాని సంగతి తేలలేదు. వైరస్ పట్టిన గడ్డ ఏటేటా చిక్కిపోతుంది, పిలకలకూ అదే అంటుతుంది, పక్కనున్న లిల్లీలను కూడా వదలదు. ఇప్పుడు రెంబ్రాంట్ తులిప్‌లని అమ్మే చారల రకాలు జబ్బువి కావు, చారలు వాటి పుట్టుకలోనే ఉన్నాయి. ముచ్చట తీరాలంటే అవి నాటుకోండి.

ప్రశ్న: నమస్తే టీచర్ గారూ, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా తులిప్‌కు కాయ కాసింది. లోపల పల్చటి బిళ్ళల్లాంటి గింజలున్నాయి. నాటితే మొలుస్తాయా? ఎప్పుడు పూస్తాయి?

జవాబు: మొలుస్తాయమ్మా. నీ ఉత్తరం చూసి నాకు బడి గుర్తొచ్చింది. గింజలను దీపం వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడు. మధ్యలో సన్నటి గీతలాంటి పిండం కనిపిస్తే అది మంచి గింజ, ఖాళీగా ఉంటే తాలు. లోతైన కుండీలో ఇసుక కలిపిన మట్టి పోసి, చలికాలానికి ముందు చల్లి, పైన పల్చగా ముతక ఇసుక కప్పి, కుండీని బయటే పెట్టు. చలి తగలాలి.

వసంతంలో వచ్చే మొక్కను చూసి నిరాశపడకు. గడ్డి పరకలా ఒక్క ఆకు, కొద్ది వారాల్లో అదీ ఎండిపోతుంది. చచ్చిందని కుండీ బోర్లించేస్తారు చాలామంది, నువ్వు అలా చేయకు. ఆ సమయంలో మట్టి లోపల ఒక తమాషా జరుగుతూ ఉంటుంది. మొలక అడుగు నుంచి తెల్లటి గొట్టం లాంటిది కిందికి దిగుతుంది, దాని చివర బియ్యపు గింజంత గడ్డ తయారవుతుంది. ఏటా అలా ఇంకాస్త లోతుకు దిగుతూ పోతుంది. అందుకే కుండీ లోతుగా ఉండాలన్నాను. మూడో ఏడు నేను కుండీ తవ్వితే గడ్డలన్నీ అట్టడుగున నీళ్ళు పోయే కంత దగ్గర కూర్చుని ఉన్నాయి.

పువ్వుకు అయిదు నుంచి ఏడేళ్ళు. అప్పటికి నువ్వు కాలేజీలో ఉంటావు. తల్లి మొక్క సంకర రకమైతే పువ్వు తల్లిలా ఉండదు, ఏ రంగు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది భూమ్మీద ఇంకెవరి దగ్గరా లేని తులిప్ అవుతుంది. తొందరగా చూడాలనిపిస్తే క్రోకస్ గింజలు కూడా చల్లు, అవి మూడేళ్ళకే పూస్తాయి.

ప్రశ్న: ఎండు స్నోడ్రాప్ గడ్డలు కొని నాటితే చాలని రెండు సంచికల కిందట మీరే రాశారు. నలభై నాటాను. మూడు మొలిచాయి. ఇప్పుడేమంటారు?

జవాబు: తప్పు నాది. స్నోడ్రాప్ గడ్డ చాలా చిన్నది, పొట్టు పలచన. కొట్లో నెలల తరబడి ఆరితే లోపల ఏమీ మిగలదు. తులిప్ లెక్కను దానికి కూడా వేసి రాసేశాను. పూసిన వెంటనే, ఆకులు పచ్చగా ఉండగానే, ఎవరి దగ్గరైనా ఒక గుత్తి తెచ్చుకుని, విడదీసి, ఆరనివ్వకుండా ఆ రోజే నాటండి. ఇంతకుముందు కాడ మీద మట్టి ఎంతవరకు ఉండేదో తెల్లని గుర్తు చెబుతుంది, అంతే లోతు పెట్టండి. బతికిన ఆ మూడింటినీ నాలుగేళ్ళు కదపకండి, గుత్తి కట్టాక ఇలాగే విడదీయవచ్చు. పోయిన ముప్ఫై ఏడింటికి క్షమించండి.

ప్రశ్న: ఈ కవరులో ఒక గడ్డ పంపుతున్నాను. పాత ఇంటి మూలన దొరికింది. ఇదేమిటో చెప్పగలరా?

జవాబు: తపాలా ముద్రల కింద పడి మీ గడ్డ ఒక వైపు నలిగింది. అందుకే ధైర్యం చేసి ఆ నలిగిన చెక్కను కోసి చూశాను. పొరలు లేవు. లోపలంతా ఒకటే తెల్లటి గట్టి కండ. కాబట్టి ఇది ఉల్లి జాతి లశునం కాదు, కందం, అంటే ఆకులతో కాక కాండమే ఉబ్బి తయారైన గడ్డ. పైన వల అల్లినట్టున్న నార పొట్టు. అడుగున, ఎండిపోయి బిళ్ళలా అంటుకుని, నిరుటి గడ్డ. ఏటా పాతదాని నెత్తిన కొత్తది పుట్టడం కందాల అలవాటు.

మిగిలిన భాగానికి బూడిద అద్ది చిన్న కుండీలో పెట్టాను. మూడు వారాల కిందట సూదిలా మొలక వచ్చింది. ఇప్పుడు నాలుగు ఆకులున్నాయి, గడ్డి కంటే సన్నం, ప్రతిదాని నడుమా సుద్దముక్కతో గీసినట్టు ఒక తెల్లటి చార. ఆ చార క్రోకస్‌ది. రంగు మాత్రం ఇంకా తెలియదు. సగం గడ్డ పోయింది కనుక ఈ ఏడు పూస్తుందని నేననుకోను. కుండీ మా కిటికీ దగ్గరే ఉంది, దాని మీద మీ కవరు మీది తారీఖు రాసి పెట్టాను. తిరిగి కావాలంటే చిరునామా రాయండి, ఈసారి డబ్బాలో పెట్టి పంపుతాను.